పంతులమ్మయు ప్రధానపీఠమును

ఉప్పాడ జామ్‌దానీ చీరను చేతికి తీసికొని చూచినవారు మొదట గమనించునది దాని నగిషీ. అది రెండు వైపులను ఒకే తీరున నుండును. మగ్గముమీద ఇద్దరు కూర్చుండి, పువ్వు పువ్వునకును వేరువేరు కండెలను చేతితోనే పడుగు పోగులలోనికి దూర్చి నేయుదురు. ఒక్క చీరకు వారములు పట్టును. నగిషీ ఎక్కువైనచో నెలలు పట్టును. 2009లో ఈ చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. మగ్గముగల యిండ్లలో కండెలు చుట్టుట మొదలు నేత ముగియువరకు స్త్రీల చేతికి అందని పని లేదు. కాని ధర తేల్చుచోట, బేరము కుదుర్చుచోట, ఆమె సాధారణముగ కనిపింపదు. ఆ ఊరి బెస్తపల్లెలలోను తీరు వేరు కాదు. పడవ తెచ్చిన చేపను గంపకెత్తి అమ్మి యిల్లు నడుపునది స్త్రీ. పడవ యజమాని యని వ్రాతలో నుండు పేరు ఎక్కువగ పురుషునిది. పని ఒకరిది, పెత్తనము మరియొకరిది అను ఈ పద్ధతి మనకు ఎంత అలవాటయిన దనగా, దానిని పద్ధతి యని గుర్తించుటయే మానితిమి.

ఇదే పద్ధతి విద్యాలయములలో కనిపించుట విచారింపదగిన విషయము. కాకినాడ, పిఠాపురము పరిసరముల ఏ ప్రైవేటు పాఠశాలకు పోయి చూచినను తరగతి గదులలో నిలిచి పాఠము చెప్పువారిలో స్త్రీలే అధికము. దేశమంతటను ఇదే స్థితి. 2024-25 విద్యాసంవత్సరమునకు కేంద్రప్రభుత్వము ప్రకటించిన లెక్కల ప్రకారము దేశమున పాఠశాలోపాధ్యాయుల సంఖ్య మొదటిసారిగా కోటి దాటినది. వారిలో నూటికి 54 మంది స్త్రీలు. ఉపాధ్యాయవృత్తి స్త్రీలదైనది. ఉపాధ్యాయవృత్తికి శిరస్సు అనదగిన ప్రధానపీఠము వారిదైనదా అనునదే ప్రశ్న.

ప్రపంచమంతటి మాట యునెస్కో చెప్పినది. ఆ సంస్థవారి ప్రపంచ విద్యాపరిశీలన నివేదిక 2024-25లో విద్యారంగమందలి నాయకత్వమునే విషయముగా గ్రహించినది. ప్రాథమిక పాఠశాలలలో ఉపాధ్యాయినుల శాతముకంటె ప్రధానోపాధ్యాయినుల శాతము సగటున కనీసము 20 పాయింట్లు తక్కువగ నున్నదని అందు తేలినది. అనగా మెట్లపై నడచువారిలో స్త్రీలు ఎక్కువ. మేడపై కూర్చున్నవారిలో తక్కువ. ఈ వ్యత్యాసమును స్త్రీల అనాసక్తి యని కొట్టివేయుట తేలిక. కాని ఖండాంతరములందును, వేరువేరు మతములు, భాషలు, చట్టములు గల దేశములందును ఒకే తీరున కనిపించు లోటును వ్యక్తుల ఇష్టాయిష్టములతో వివరించుట సాధ్యము కాదు.

అంతర్జాతీయ మను మాట

ఇటీవలి కాలమున తెలుగునాట 'ఇంటర్నేషనల్' అను పదము పాఠశాలల పేర్లకు విరివిగ తగులుచున్నది. పేరునుబట్టి పాఠ్యక్రమమును ఊహింపరాదు. రాష్ట్ర సిలబసునో, కేంద్ర మాధ్యమిక విద్యామండలి సిలబసునో బోధించుచు ఆ పేరు ధరించిన బడులు అనేకము. జెనీవా కేంద్రముగ 1968లో ఏర్పడిన ఇంటర్నేషనల్ బాకలోరియా సంస్థ గుర్తింపునో, కేంబ్రిడ్జి పరీక్షల గుర్తింపునో పొందినవి వేరు. వీనికి జీతములు అధికము, వసతులు అధికము; వీనినుండి సమాజము ఆశించునదియు అధికమే. బాలికలకు బాలురకు భేదము లేదని, విశ్వమానవదృష్టి తమ ధ్యేయమని ఈ విద్యాలయములు తమ పత్రికలలో ప్రకటించుకొనును. ఆ ప్రకటనకు మొదటి పరీక్ష ప్రధానాచార్య పీఠమువద్దనే జరుగును.

ఈ బడులు ధనికుల పిల్లలవి, వానితో ఉప్పాడ పల్లెకేమి పని యని ఒకరు ప్రశ్నింపవచ్చును. పని కలదు. 2024 జనవరి 31వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పక్షమున రాష్ట్ర విద్యాపరిశోధన శిక్షణ మండలి ఇంటర్నేషనల్ బాకలోరియా సంస్థతో ఒడంబడిక కుదుర్చుకొన్నది. ప్రభుత్వ పాఠశాలలలో క్రింది తరగతులనుండి ఆ పద్ధతిని క్రమక్రమముగ ప్రవేశపెట్టుట దాని యుద్దేశ్యము. ఆ యేడు జూనులో ప్రభుత్వము మారిన పిమ్మట ఆ పథకము ముందుకు సాగలేదు. అది మంచిదా చెడ్డదా అను వాదము అటుంచినను, ఒక విషయము స్పష్టమైనది: అంతర్జాతీయ విద్య యనునది ఇక కొండలపై నున్న కొద్దిపాటి బడుల సొత్తు కాదు, అది పల్లెబడి గడపవరకు వచ్చి పోయినది, మరల రావచ్చును. అట్టి విద్యకు ఎవరు నాయకత్వము వహింతురు అనునది అందరి ప్రశ్న.

చరిత్రను తిరుగవేసినచో ఆశ్చర్యకరమైన సత్యమొకటి కనిపించును. అంతర్జాతీయ విద్య పుట్టినపుడు దాని తొట్టెనూపిన చేతులలో స్త్రీల చేతులు ముఖ్యములు. 1924లో జెనీవాలో నానాజాతిసమితి, అంతర్జాతీయ కార్మిక కార్యాలయముల ఉద్యోగుల పిల్లలకై స్థాపితమైన అంతర్జాతీయ పాఠశాలను 1929 నుండి 1949 వరకు, అనగా ప్రపంచసంగ్రామపు చీకటిదినములతో సహా ఇరువది యేండ్లు నడిపినది మరీ తెరీజ్ మొరెత్ అను విదుషి. శాంతిని నేర్పు విద్యాపద్ధతులు కలవా అను ప్రశ్నపై 1948లో ఆమె యునెస్కోకు వ్రాసిన పత్రము తరువాతి అంతర్జాతీయ పాఠ్యప్రణాళికలకు మూలభూతములలో నొకటియైనది. మన దక్షిణదేశమున కొడైకెనాలు కొండలలో మిషనరీల పిల్లలకై 1901లో వెలసిన బడికి తొలి ప్రధానాచార్యురాలు మార్గరెట్ ఎడ్డీ. ఆ బడియే నేటి కొడైకెనాలు ఇంటర్నేషనల్ స్కూలు. 1976లో భారతదేశమున ఇంటర్నేషనల్ బాకలోరియాను మొదట చేపట్టినది అదియే. కాని ఆ ఇంటర్నేషనల్ బాకలోరియా సంస్థకే ఒక స్త్రీ సర్వాధ్యక్షురాలగుటకు 2014 వరకు, అనగా స్థాపన మొదలు 46 ఏండ్లు పట్టినది. ఆ సంవత్సరమున ఆ పదవిని చేపట్టిన డాక్టరు శివకుమారి మొదటి మహిళ. పునాదిరాయి ఎత్తిన చేతులకు శిఖరము అందుటకు ఎంత కాలము పట్టినదో ఇందువలన తెలియుచున్నది.

గోదావరి తీరపు పాఠము

గోదావరీమండలమునకు ఈ విషయమున ప్రత్యేకమైన చరిత్ర కలదు. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించిరి. ఆడుపిల్లకు అక్షరము వచ్చినచో అరిష్టమని నమ్ము కాలమది. కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రధానాచార్యులుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు కళాశాల తలుపులను బాలికలకు తెరచిరి. ఉప్పాడకు కూతవేటు దూరమున నున్న పిఠాపురపు సంస్థానాధీశులు అందుకు అండగ నిలిచిరి. ఈ మహనీయులు స్త్రీకి విద్యార్థిని స్థానము కల్పించిరి. ఆ స్థానమునుండి ఉపాధ్యాయిని స్థానమునకు, అచ్చటినుండి అధిపతి స్థానమునకు పోవు దారిని మాత్రము స్త్రీలు స్వయముగ త్రవ్వుకొనవలసి వచ్చినది.

ఆ దారి త్రవ్వినవారిలో అగ్రగణ్యురాలు దుర్గాబాయి. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమె ఇంకను బాలికగ నున్నపుడే కాకినాడలో స్త్రీలకై బాలికా హిందీ పాఠశాలను నెలకొల్పినది. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభకు కావలసిన స్వచ్ఛంద సేవికలను ఆ బడియే తయారుచేసినది. ఆ సభల సందర్భమున ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున నిలిచిన ఆ బాలిక టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను నిలిపివేసిన వృత్తాంతము తెలుగువారికి సుపరిచితము. దీనిని ముచ్చటగ చెప్పుకొని నవ్వుకొందురే కాని, అందలి సారమును గ్రహించువారు తక్కువ. నియమము పెద్దకు చిన్నకు ఒక్కటే యని నిలబడుట, అట్లు నిలబడినవారిని పైవారు మందలింపక మెచ్చుకొనుట, ఈ రెండును కలిసినప్పుడే నాయకత్వము పుట్టును. బాలికకు ధైర్యముండుట చాలదు. ఆ ధైర్యమును దండింపని వ్యవస్థ యుండవలెను.

దుర్గాబాయి జీవితమున మరియొక ఘట్టము ఇంకను ప్రయోజనకరము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువగోరినపుడు స్త్రీలకు వసతిగృహము లేదను కారణమున అధికారులు ప్రవేశమిచ్చుటకు సంకోచించిరి. ఆమె మరికొందరు యువతులను కూడగట్టి వసతిని తామే ఏర్పరచుకొనిరి. ప్రతిభ యున్నది, అర్హత యున్నది, ప్రవేశనిషేధము చట్టమున లేదు. అడ్డుపడినది ఒక గది, ఒక వంటయిల్లు. స్త్రీలు ముందుకు రాకపోవుటకు కారణములను మనస్తత్త్వశాస్త్రములో వెదకువారు ముందు గదులను, వంటయిండ్లను లెక్కించుట మేలు.

ఆమెయే తరువాత 1958లో కేంద్రప్రభుత్వము నియమించిన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షురాలైనది. 1959లో ఆ సంఘము సమర్పించిన నివేదిక స్త్రీవిద్యను ప్రత్యేక సమస్యగ పరిగణింపవలెనని కోరుటతో ఆగలేదు. ప్రతి రాష్ట్రమున విద్యాశాఖలో బాలికల విద్యకు బాధ్యురాలుగ ఒక మహిళ సంయుక్త సంచాలకురాలుగ నుండవలెనని సూచించినది. అరువదియైదేండ్లకు పూర్వమే తెలుగు స్త్రీ యొకతె చెప్పిన మాట యిది: బాలికలను బడికి రప్పించుట ఎంత ముఖ్యమో, బడులను శాసించుచోట స్త్రీని కూర్చుండబెట్టుట అంత ముఖ్యము.

మూడు ద్వారములు

నేడు స్త్రీ ప్రధానపీఠమునకు పోవు ద్వారములు మూడు కనిపించుచున్నవి. మొదటిది స్థాపన. స్త్రీ తానే బడి పెట్టుట. హైదరాబాదులో 1961లో విద్యారణ్య పాఠశాలను స్థాపించిన శాంతా రామేశ్వరరావు, 1965లో నస్ర్ పాఠశాలను ఆరంభించిన బేగం అనీస్ ఖాన్ ఈ ద్వారమున ప్రవేశించినవారు. ఒకరి నియామకపత్రముకై వారు వేచియుండలేదు. ఇది గౌరవప్రదమైన మార్గమే. కాని స్థలమో, ధనమో, పరిచయములో లేనివారికి దుర్లభము. ఉప్పాడ నేతగాని కూతురు ఎంతటి పండితురాలైనను ఈ ద్వారమువద్ద ఆమెకు తాళము కనిపించును.

రెండవది పదోన్నతి. ఇది ప్రభుత్వ పాఠశాలల మార్గము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1984లో ఉద్యోగనియామకములలో స్త్రీలకు 30 శాతము వరకు ప్రాధాన్యము కల్పించినది. దానిపై వివాదము చెలరేగి తుదకు సర్వోన్నత న్యాయస్థానమునకు పోగా, 1995లో ఆ న్యాయస్థానము రాజ్యాంగమందలి 15వ అధికరణపు మూడవ ఖండము స్త్రీల ఉద్యోగములకును వర్తించునని తీర్పు చెప్పి ఆ నియమమును నిలబెట్టినది. ఆ ప్రాధాన్యము తరువాత మూడవ వంతునకు పెరిగినది. 2025లో 16,347 ఉపాధ్యాయ పదవులకు వెలువడిన డి.యస్.సి. ప్రకటన వంటి ప్రత్యక్ష నియామకములలో స్త్రీలకు దీని రక్షణ కలదు. కాని ప్రధానోపాధ్యాయ పదవి ముఖ్యముగ సీనియారిటీపై వచ్చు పదోన్నతి. అది వచ్చునపుడు దూరపు ఊరికి బదిలీతో కలిసి వచ్చును. మంచమునబడిన అత్తగారు, పదవ తరగతి చదువు బిడ్డ, మరియొక ఊరిలో ఉద్యోగముననున్న భర్త, వీరందరి మధ్య నిలిచి పదోన్నతిని వ్రాతపూర్వకముగ వదులుకొను ఉపాధ్యాయినులు ప్రతి జిల్లాలో నున్నారు. కాగితముపై అది స్వేచ్ఛానిర్ణయము. నిజమునకు అది వసతిలేమి.

మూడవది ఎంపిక. ప్రైవేటు పాఠశాలలకు, అందును అంతర్జాతీయ పాఠశాలలకు ఇదియే ప్రధాన ద్వారము. ఇచ్చట రిజర్వేషను లేదు, సీనియారిటీ లేదు. యాజమాన్యము ఎవరిని మెచ్చిన వారే. నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009 ప్రకారము ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల యాజమాన్య సంఘములలో సగము మంది స్త్రీలు ఉండవలెను. ప్రభుత్వ సహాయము పొందని ప్రైవేటు బడులకు ఆ నియమము వర్తింపదు. కనుక ఎన్నుకొను బల్లకు ఆవలివైపున కూర్చున్నవారందరు పురుషులైనను అడుగు దిక్కు లేదు. తమవంటివానినే తగినవానిగ భావించుట మానవస్వభావము. 'గంభీరమైన వ్యక్తిత్వము', 'కఠినమైన నిర్వహణ' అను మాటలు ప్రకటనలలో కనిపించినపుడు చదువరి మనస్సున ఏ మూర్తి నిలుచునో చెప్పనక్కరలేదు.

పీఠమెక్కిన పిదప

పీఠము దక్కుటతో కథ ముగియదు. తెలుగునాట ప్రైవేటు పాఠశాలలలో ఒక విచిత్ర సన్నివేశము సర్వసాధారణము. ప్రిన్సిపాలు గది తలుపుపై స్త్రీ పేరుండును; ప్రక్కగదిలో కరస్పాండెంటు ఉండును. ఉపాధ్యాయుల నియామకము, జీతముల నిర్ణయము, ఫీజుల తగ్గింపు, భవనముల ఖర్చు అన్నియు ప్రక్కగదిలో తేలును. తల్లిదండ్రుల కోపము, తనిఖీ అధికారుల ప్రశ్నలు, పరీక్షాఫలితముల నింద మాత్రము మొదటి గదికి వచ్చును. బాధ్యత గలదు, అధికారము లేదు. పంచాయతీలలో స్త్రీలకు సీట్లు కేటాయించిన పిమ్మట సర్పంచి భర్త సర్పంచి యైన వైనము మనకు తెలిసినదే. బడులలో అది మరింత మర్యాదగ జరుగుచున్నది.

పనుల పంపకములోను ఇట్టి భేదమే. చిన్నతరగతుల పర్యవేక్షణ, వార్షికోత్సవములు, క్రమశిక్షణ, తల్లులతో సంప్రదింపు, ఇవి 'కోఆర్డినేటరు' అను పేర స్త్రీలకు అప్పగింపబడును. లెక్కలు, భవనములు, న్యాయవ్యవహారములు, ప్రభుత్వ కార్యాలయముల రాకపోకలు పురుషులకు పోవును. పదేండ్ల పిమ్మట ప్రధానపదవి ఖాళీ అయినపుడు 'ఆమెకు ఆర్థిక నిర్వహణలో అనుభవము లేదు' అందురు. ఆ అనుభవమును ఆమెకు అందకుండ చేసినది ఎవరో అప్పుడు ఎవరును అడుగరు.

మరియొక ప్రమాదము కలదు. కొన్ని సంస్థలు సర్వము చక్కగ సాగినంతకాలము స్త్రీని గుర్తింపవు. అప్పులు పెరిగి, విద్యార్థులు తగ్గి, ఉపాధ్యాయులు విడిచిపోవు సమయమున ఆమెను పిలిచి పీఠమెక్కించును. రెండేండ్లలో పరిస్థితి చక్కబడకున్న ఆడుదాని చేత నడువలేదను మాట బయలుదేరును. చెట్టెక్కించి నిచ్చెన తీసివేయుట యనగా నిదే. పురుషుడు ఓడినచో ఒక్కడు ఓడినట్లు; స్త్రీ ఓడినచో జాతియంతయు ఓడినట్లు లెక్కించుట అన్యాయములలో సూక్ష్మమైనది, అందువలననే కఠినమైనది.

ఆక్షేపణలు

ఈ వాదమునకు ప్రతివాదములు లేకపోలేదు. యోగ్యత యొక్కటే చూడవలెను, స్త్రీపురుష భేదము పాటించుటయే తప్పు అని కొందరందురు. సూత్రముగ ఇది నిర్దుష్టము. కాని యోగ్యతను కొలుచు కొలబద్దను వ్రాసి బయటపెట్టిన పాఠశాలలు ఎన్ని? ప్రకటన లేక, వ్రాతపూర్వకమైన ప్రమాణములు లేక, తెలిసినవారి సిఫారసుపై జరుగు నియామకమును యోగ్యతా నియామక మనుట మాటకు చేయు అపచారము. యోగ్యతావాదులు నిజముగ యోగ్యతను కోరినచో స్త్రీల పక్షము వహించువారితో వారికి వైరము ఉండనక్కరలేదు. ఇరువురును కోరునది బహిరంగమైన ఎంపికయే.

స్త్రీ అధిపతి యైనంతమాత్రమున స్త్రీలకు మేలు జరుగునా అనునది రెండవ ఆక్షేపణ. ఇది మరింత గట్టిది. తాను పడిన కష్టములను ఇతరులును పడవలెనను అధికారిణులు ఉందురు. ప్రసూతి సెలవు అడిగిన ఉపాధ్యాయినిని ఈసడించిన ప్రధానాచార్యురాండ్రు లేకపోలేదు. కావున పీఠముపై స్త్రీని చూచి తృప్తిపడుట పొరపాటు. స్త్రీ దేవతయని ఎవరును చెప్పుట లేదు. సమర్థులలో సగము మందిని మొదటనే తొలగించుకొన్న విద్యాలయము తన విద్యార్థులకు మోసము చేయుచున్నది అనునదే ఇచ్చటి వాదము. ఆమె మంచిదగుట ఆమె హక్కునకు షరతు కారాదు. పురుషునకు అట్టి షరతు ఎన్నడును లేదు.

కాలక్రమమున అన్నియు సర్దుకొనునని మూడవవా రందురు. నూటికి 54 మంది ఉపాధ్యాయినులున్న దేశమున కాలము చేయవలసిన పని చాలవరకు చేసినది. మిగిలినది మనుష్యులు చేయవలసిన పని.

అండ యనగా నేమి?

మార్చి 8వ తేదీన శాలువ కప్పుట అండ కాదు. అండ యనునది లెక్కకు అందునదిగ నుండవలెను. మొదటిది ఎంపికకు సంబంధించినది. ప్రధానాచార్య పదవిని బహిరంగముగ ప్రకటింపవలెను. కావలసిన అర్హతలను వ్రాసి యుంచవలెను. ఎంపిక సంఘమున ఒక్కరు కాదు, కనీసము ఇద్దరు స్త్రీలు ఉండవలెను. ఒక్కరు ఉన్నచో ఆమె అలంకారమగును. ఇద్దరున్నచో చర్చ పుట్టును. పిల్లలను పెంచుటకై మూడు నాలుగేండ్లు ఉద్యోగము మానినవారి అనుభవమును లోటుగ పరిగణింపరాదు.

రెండవది అధికారమునకు సంబంధించినది. నియామకపత్రముననే ప్రధానాచార్యురాలు ఎంతవరకు ఖర్చు చేయవచ్చునో, ఉపాధ్యాయుల నియామకమున ఆమె మాట ఎంతవరకు చెల్లునో, యాజమాన్య సమావేశమున ఆమె స్థానమేమో వ్రాయవలెను. వ్రాత లేనిచోట బంధుత్వము పాలించును. ఆమె పదవికాలము కనీసము ఇంతయని నిర్ణయింపవలెను. బడి స్వభావము మారుటకు ఒక విద్యాసంవత్సరము చాలదు.

మూడవది శిక్షణ. పీఠమెక్కిన పిదప కాదు, అంతకు పూర్వమే వైస్‌ప్రిన్సిపాళ్లకు, కోఆర్డినేటర్లకు లెక్కల పుస్తకము, బడ్జెటు, సేవానిబంధనలు, చట్టవిషయములు చేతికిచ్చి నేర్పవలెను. ఒక జిల్లాలోని ప్రధానాచార్యురాండ్రు, ప్రభుత్వ ప్రైవేటు భేదము లేక, నెలకొకసారి కలిసికొను ఏర్పాటుండవలెను. ఒంటరితనము నాయకులను కృశింపజేయును. తమ చిక్కు ఇతరులకును కలదని తెలియుటయే సగము బలము.

నాల్గవది వసతి. పిల్లలు గల ఉపాధ్యాయినులు పెక్కుమంది యుండు పాఠశాలలో శిశుశాల లేకపోవుట విడ్డూరము. 2017లో చట్టము ప్రసూతి సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచినది. 50 మంది పనిచేయు సంస్థలలో శిశుశాల ఉండవలెనని విధించినది. పెద్ద పాఠశాలలు బస్సుల సంఖ్యను ప్రకటించుకొనునట్లు శిశుశాలను కూడ ప్రకటించుకొన్నచో శోభించును. ప్రభుత్వము తీరగ్రామములలో ప్రధానోపాధ్యాయినులకు పాఠశాల సమీపమున నివాసము కల్పించినచో పదోన్నతిని వదులుకొను దుఃఖము చాలవరకు తగ్గును.

అయిదవది భద్రత. పనిచేయుచోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టుటకు 2013లో వచ్చిన చట్టము, పదిమంది పనిచేయు ప్రతి సంస్థలో విచారణ సంఘముండవలెనని, దానికి ఉన్నతస్థానమున నున్న మహిళ అధ్యక్షత వహింపవలెనని చెప్పినది. ఉన్నతస్థానమున మహిళయే లేనిచో ఆ సంఘమునకు అధ్యక్షురాలిని వేరొకచోటినుండి తెచ్చుకొనవలసిన దైన్యము కలుగును. నాయకత్వమున స్త్రీ లేమి అలంకారలోపము కాదు, రక్షణలోపము అనుటకు ఇంతకుమించిన నిదర్శన మక్కరలేదు.

ఈ సందర్భమున కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములను స్మరింపవలెను. 2004లో ఆరంభమైన ఈ వసతి పాఠశాలలలో చదువునది పేద బాలికలు. వానిని నడుపునది స్త్రీలే. రాత్రింబగళ్లు వందలకొలది బాలికల భోజనము, ఆరోగ్యము, చదువు, మానము కాపాడు బాధ్యత వారిది. అంతటి నిర్వహణానుభవము గల స్త్రీలు కాంట్రాక్టు ఉద్యోగులుగ కాలము గడుపుచుండగ, స్త్రీలలో నాయకులు దొరకుట లేదని అనుట వెలుగున నిలిచి దీపము వెదకినట్లున్నది.

బాలిక కంటికి కనిపించునది

పిల్లలు పాఠ్యపుస్తకమునకంటె పరిసరమునుండి ఎక్కువ నేర్చుకొందురు. బడిలో పాఠము చెప్పువారు అమ్మలు, ఆజ్ఞ ఇచ్చువారు అయ్యలు అను దృశ్యమును పదేండ్లు చూచిన బాలిక, సమానత్వముపై వ్యాసము వ్రాసి బహుమానము పొందినను, తన హద్దు ఎక్కడనో లోలోపల గీచుకొనును. అదే దృశ్యమును చూచిన బాలుడును ఒక పాఠము నేర్చును. ఆ పాఠమును ఇరువదియేండ్ల తరువాత తన కార్యాలయమున, తన యింట ఆచరణలో పెట్టును. మన పల్లెలలో 'హెడ్మాస్టరు' అను మాట స్త్రీకిని పురుషునకును వాడుట కలదు. 'పంతులమ్మ' యను మాటకు ఇంతటి ప్రచారమున్న భాషలో ప్రధానోపాధ్యాయినికి నిత్యవ్యవహారమున ఒక సొంతమాట నిలదొక్కుకొనకపోవుట భాష తప్పు కాదు. వస్తువు కనిపించినచోట మాట తనంతట పుట్టును.

తల్లిదండ్రులకును ఇందు భాగము కలదు. లక్షలు చెల్లించి బిడ్డను చేర్చునపుడు ఈతకొలను ఉన్నదా, ఏసీ బస్సు ఉన్నదా అని అడుగువారు, ఈ బడిలో ఎంతమంది ఉపాధ్యాయినులు, వారిలో ఎందరు నిర్ణయములు చేయుచోట నున్నారని కూడ అడుగవచ్చును. యాజమాన్యములు కొనుగోలుదారు ప్రశ్నకు ఇచ్చు విలువ నివేదికలకు ఈయవు. పదిమంది తల్లులు ఒకే ప్రశ్న అడిగినచో మరుసటి సంవత్సరపు ప్రకటనలో సమాధానము కనిపించును.

ఉప్పాడ తీరమున సముద్రము ఏటేట భూమిని కోయుచున్నది. ఇండ్లు, దారులు పోవుచున్నవి. అట్టి ఊరిలో తల్లిదండ్రులు బిడ్డలకు ఈయగల స్థిరాస్తి చదువొక్కటే. నేతగాండ్ర, మత్స్యకారుల కుమార్తెలు డిగ్రీలు ముగించి, బి.ఇడి. పూర్తిచేసి, కాకినాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణముల పాఠశాలలలో పాఠములు చెప్పుటకు పోవుచున్నారు. నలువదియేండ్ల వయస్సున వారి ముందు తెరచియుండు తలుపులు ఎన్ని అనునది నేడు ఆ పాఠశాలల యాజమాన్యములు, విద్యాశాఖవారు తీసికొను నిర్ణయములపై ఆధారపడియున్నది. దుర్గాబాయి తరమువారు వసతిగృహమును తామే కట్టుకొని చదివిరి. మూడు తరముల తరువాత కూడ ప్రతి స్త్రీయు తన గదిని తానే కట్టుకొనవలెననుట విద్యావంతమైన సమాజమునకు గౌరవము కాదు.